రొయ్యల గుంటల సర్వర్లు, టెర్రాఫార్మ్, ఊరంతా తిరిగిన పాస్‌వర్డులు: మా ప్రాజెక్టు డైరీ

సోమవారం

మేం నెల్లూరులో ముగ్గురం, నేనూ మా అన్నా ఒంగోలు తమ్ముడూ. ముందు పని ఏందో చెప్తా. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ సెన్సార్లు పెట్టి ఉన్నాయి, వాటి రీడింగులు సిమ్ కార్డు మీద మా సర్వర్‌కి వస్తాయి, డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రైతు ఫోన్‌కి మెసేజ్ పోద్ది, మెసేజ్‌కి పలక్కపోతే కాల్ పోద్ది. వినడానికి చిన్న పనే గానీ తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుక్కి పోయే టైముకి కరెంటు కూడా పోయి ఏరేటర్లు ఆగినాయనుకోండి, ఇక ఆ రైతు లక్షలు పెట్టిన సీడూ మేతా అన్నీ పైకి తేలతాయి, అందుకని మా సర్వర్‌కి ఆ టైంలో నిద్ర అనేది లేదు.

ఇదంతా ముందు వేరే వాళ్ళు కాంట్రాక్టుకి కట్టిచ్చి పోయినారు. ఏడబ్ల్యూఎస్, అంటే అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్లు, ముంబై రీజియన్, మిషన్లన్నీ టెర్రాఫార్మ్‌తో లేపుతారు, అంటే ఏం కావాలో కోడులో రాస్తే అదే కట్టి పెట్టే టూలు, మిషన్ లోపల సెట్టింగులన్నీ యాన్సిబుల్. కోడు బాగానే రాసినారు, అది ఒప్పుకోవాల. కాకపోతే రిపో, అంటే గిట్‌లో ఆ కోడంతా ఉండే చోటు, తెరవంగానే టెర్రాఫార్మ్ డాట్ టీఎఫ్‌వార్స్ అనే ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డు, ఎస్ఎంఎస్ గేట్‌వే కీ, సెన్సార్లు మాట్లాడే బ్రోకర్ పాస్‌వర్డు వరసగా కూర్చొని ఉన్నాయి, ప్రొవైడర్ బ్లాక్‌లో ఏకంగా ఏడబ్ల్యూఎస్ యాక్సెస్ కీ, అదీ అడ్మిన్ది. 'రిపో ప్రైవేటే గదా' అన్నాడు మా ఒంగోలు తమ్ముడు. ప్రైవేటే, నిజమే, గానీ ఇప్పటిదాకా దాన్ని క్లోన్ చేసుకున్న లాప్‌టాపులు ఎన్నో ఎవరికి తెలుసు, అందులో కొన్ని అమ్మేసి కూడా ఉంటారు.

సీక్రెట్లు ఏమేం ఉన్నాయో లిస్టు రాద్దాం అని కూర్చున్నాం గానీ అది ఎక్కువసేపు పట్టే పని కాదు. అసలు తల తిరిగిపోయింది ఒక్కో సీక్రెట్టు కాపీలు యాడెక్కడ ఉన్నాయో వెతికేటప్పుడు. డేటాబేస్ పాస్‌వర్డు ఒక్కటే తీసుకొని దాని వెంట పడ్డాం. టీఎఫ్‌వార్స్‌లో ఒకటి. గిట్ హిస్టరీలో దాని పాత రూపాలు. స్టేట్ ఫైల్‌లో, అంటే ఏమేం కట్టిందో టెర్రాఫార్మ్ రాసిపెట్టుకునే చిట్టాలో, పచ్చిగా. సీఐలో, అంటే కోడు మారినప్పుడల్లా టెర్రాఫార్మ్‌ని దానంతటదే నడిపే ఏర్పాటులో, ప్లాన్‌ని, అంటే ఏం మార్చబోతుందో చెప్పే లెక్కని, ఫైల్‌గా సేవ్ చేసి ఆర్టిఫాక్ట్‌గా పెడుతున్నారు, ఆ ప్లాన్ ఫైల్‌లో మళ్ళీ. సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు రన్ అయ్యే యూజర్ డేటా స్క్రిప్టులో ఇంకోసారి, దాన్ని ఆ మిషన్ మీద ఏ ప్రాసెస్ అయినా మెటాడేటా అడ్రస్‌కి రిక్వెస్టు కొట్టి చదువుకోవచ్చు. యాన్సిబుల్ లాగుల్లో ఇంకోటి.

కాబట్టి మేం అనుకున్న వరస ఇది. ముందు పైపుకి ఉన్న కన్నాలు మూయాల, పాస్‌వర్డులు మార్చడం ఆ తర్వాతే, ఇప్పుడే మారిస్తే కొత్తది కూడా అవే కన్నాల్లోంచి అదే చోట్లకి పోద్ది. ఒక్క ఏడబ్ల్యూఎస్ అడ్మిన్ కీ మాత్రం ఆగేది లేదు, అది రేపే.

మంగళవారం

ఏడబ్ల్యూఎస్ కీ. ఏకేఐఏ అక్షరాలతో మొదలైందంటే అది శాశ్వతం కీ, ఎవరో ఒకరు డిలీట్ చేసిందాకా బతికే ఉంటది. ఏఎస్ఐఏ అని మొదలైతే టెంపరరీ, కాసేపటికి అదే చచ్చిపోద్ది. మాకు కావాల్సింది రెండోది.

మా సీఐ గిట్‌హబ్ యాక్షన్స్, దాని నుంచి టెర్రాఫార్మ్ నడుస్తది కాబట్టి ఓఐడీసీ పెట్టాం. అంటే ఏందంటే, జాబ్ మొదలైనప్పుడు గిట్‌హబ్ ఒక సంతకం పెట్టిన టోకెన్ ఇస్తది, ఇది ఫలానా ఆర్గనైజేషన్, ఫలానా రిపో, ఫలానా బ్రాంచ్ అని అందులో రాసి ఉంటది, ఏడబ్ల్యూఎస్ దాన్ని చూసి మనం ముందే రాసిపెట్టిన షరతులకి సరిపోతే ఒక గంటకి పనికొచ్చే టెంపరరీ కీలు ఇస్తది. నెల పాసు కాదు, ఆ ఒక్క ట్రిప్పుకి టికెట్టు. గిట్‌హబ్ సీక్రెట్స్ పేజీలో ఏడబ్ల్యూఎస్ కీ పెట్టాల్సిన పనే లేదు. వర్క్‌ఫ్లోలో ఐడీ టోకెన్‌కి రైట్ పర్మిషన్ ఇయ్యాల, ఐఏఎం, అంటే ఏడబ్ల్యూఎస్‌లో హక్కులు చూసే చోటు, అందులో రోల్ ట్రస్ట్ పాలసీలో ఆడియన్స్, సబ్జెక్ట్ రెండూ రాయాల.

ఆ సబ్జెక్ట్ దగ్గరే మధ్యాహ్నమంతా పోయింది. మెయిన్ బ్రాంచ్ నుంచి వస్తేనే ఒప్పుకో అని రాసినాం, టెస్ట్ జాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది, అప్లై జాబ్‌లో, అంటే ప్లాన్‌ని నిజంగా అమలు చేసే దాంట్లో, మాత్రం అసూమ్ రోల్ చేసే అనుమతి లేదు అని ఎర్రగా. అదే బ్రాంచ్, అదే రిపో, అదే రోల్. ఏందిరా సామీ ఇది అని ఆ టోకెన్‌లోని క్లెయిములు ప్రింట్ చేసి చూస్తే అప్పుడు తెలిసింది, అప్లై జాబ్‌కి ఎన్విరాన్‌మెంట్ ప్రొడ్ అని పెట్టి ఉన్నాం, జాబ్‌కి ఎన్విరాన్‌మెంట్ ఉంటే గిట్‌హబ్ సబ్జెక్ట్‌లో బ్రాంచ్ పేరు రాయదు, దాని బదులు ఎన్విరాన్‌మెంట్ పేరు రాస్తది. పుల్ రిక్వెస్ట్ నుంచి వస్తే ఇంకో రకం, అప్పుడు ఊరికే పుల్ రిక్వెస్ట్ అని ఉంటది. సరే, ఇది మనకే మంచిదిలే అని రెండు రోల్స్ చేసినాం. పుల్ రిక్వెస్ట్‌కి చదవడానికి మాత్రమే హక్కున్న రోల్, ప్రొడ్ ఎన్విరాన్‌మెంట్‌కి అప్లై చేసే రోల్, ఆ ఎన్విరాన్‌మెంట్‌కి మా అన్న అప్రూవల్ నొక్కితేనే జాబ్ కదుల్తది. విసుగొచ్చి సబ్జెక్ట్ దగ్గర స్టార్ గుర్తు పెట్టి పని కానిచ్చే వాళ్ళు ఉంటారు, వద్దు, అట్టా ఒదులుగా రాస్తే ఆర్గనైజేషన్‌లో ఎవడో ప్రాక్టీసు కోసం తెరిచిన రిపో కూడా ప్రొడక్షన్ మీదకి ఎక్కేస్తది.

పాత కీ వెంటనే డిలీట్ చెయ్యలా. ఇనాక్టివ్ చేసి వదిలినాం. ఆఖరుగా యాడ, ఏ సర్వీసుకి వాడారో ఐఏఎంలో కనపడతది, అందులో ఎస్3, అంటే ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్ళు దాచే చోటు, అని చూపించింది, అంటే బ్యాకప్ స్క్రిప్టు ఏదో దాన్నే వాడుతున్నట్టు. రాత్రికి బ్యాకప్ ఫెయిల్ అయినట్టు మెయిల్ వచ్చింది, దొరికింది, ఆ సర్వర్‌కి ఇన్‌స్టెన్స్ రోల్, అంటే కీ లేకుండానే సర్వర్‌కి హక్కు ఇచ్చేది, తగిలించాం, కీ పీకేసినాం.

గురువారం

ఈరోజు టీఎఫ్‌వార్స్ సంగతి. అందరూ చెప్పే మందు ఒకటుంది గదా, సీక్రెట్‌ని ఫైల్‌లో పెట్టొద్దు, టీఎఫ్ అండర్‌స్కోర్ వార్ అండర్‌స్కోర్ అని మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇయ్యి అని. మా తమ్ముడు టెస్ట్ డేటాబేస్ మీద అట్టాగే ఇచ్చి అప్లై కొట్టినాడు. అప్లై అయింది, ఎర్ర గీత ఒక్కటి కూడా లేదు. ఆ కొత్త పాస్‌వర్డుతో లాగిన్ చేస్తే రాలా. పాతదానితో చేస్తే వచ్చింది.

టెర్రాఫార్మ్ వేరియబుల్ విలువ వెతుక్కునే వరసలో ఎన్విరాన్‌మెంట్ అన్నిటికన్నా అడుగున ఉంటది. దాని మీద టెర్రాఫార్మ్ డాట్ టీఎఫ్‌వార్స్, దాని మీద ఆటో టీఎఫ్‌వార్స్ ఫైళ్ళు, అన్నిటి మీద కమాండ్ లైన్‌లో ఇచ్చే వార్. కాంట్రాక్టు వాళ్ళ ఫైలు ఇంకా డైరెక్టరీలోనే ఉంది, అదే గెలిచింది. ఇంకా మజా ఏందంటే ఆ వేరియబుల్‌కి సెన్సిటివ్ ట్రూ అని పెట్టుంది, 0.14 వెర్షన్ నుంచి ఉన్న సౌకర్యం అది, కాబట్టి ప్లాన్‌లో విలువ ఉండాల్సిన చోట సెన్సిటివ్ వాల్యూ అన్న మాట తప్ప ఏం కనపడదు, ఏది గెలిచిందో చూసుకునే దారే లేదు. దాచిపెట్టింది మన దగ్గర నుంచే.

కమాండ్ లైన్‌లో ఇస్తే గెలుస్తది గదా అనొచ్చు, గెలుస్తది, షెల్ హిస్టరీలో కూడా చేరుద్ది, అదే మిషన్‌లో పీఎస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు చూపించే కమాండ్, కొట్టిన ఎవరికైనా ఆ లైను మొత్తం కనపడుద్ది. టీఎఫ్‌వార్స్ ఫైల్‌లో సీక్రెట్లు కానివి మాత్రం ఉంచి, సీక్రెట్ వేరియబుల్స్ డిఫాల్టులన్నీ పీకేసినాం. విలువ ఇయ్యకపోతే సీఐలో అడిగే దిక్కు లేక ఆగిపోవాల, అంతే.

శుక్రవారం

స్టేట్ ఫైల్. దీని గురించి ఎంత మందికి చెప్పినా 'సెన్సిటివ్ పెట్టినాం గదన్నా' అంటారు. సెన్సిటివ్ అనేది స్క్రీన్ మీద దాచడానికి మాత్రమే. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని టెర్రాఫార్మ్ స్టేట్ పుల్ కొట్టి, పాస్‌వర్డ్ అనే మాట కోసం గ్రెప్ చేయించినా. వరసగా వచ్చినాయి, జేసన్‌లో, కోట్స్ మధ్యలో, నీట్‌గా. రాండమ్ పాస్‌వర్డ్ రిసోర్స్‌తో పుట్టించినవి కూడా ఆడే ఉన్నాయి, మనిషెవరూ టైప్ చెయ్యలేదు కాబట్టి ఎవరికీ తెలీదు అనుకున్నవి. ఔట్‌పుట్‌ని జేసన్‌గా అడిగితే సెన్సిటివ్ అన్నవి కూడా బయటికి కక్కేస్తది. వాడు ఏం మాట్లాడలా, పోయి టీ తెచ్చినాడు.

స్టేట్ ఉన్నది ఎస్3 బకెట్‌లో, ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే ఉంది, గానీ ఆ బకెట్ చదివే హక్కున్న ఎవరికైనా అది విప్పే వస్తది. పైగా వెర్షనింగ్ ఆన్. వెర్షనింగ్ ఉండాల్సిందే, స్టేట్ పాడైతే దేవుడు కూడా కాపాడలేడు, కాకపోతే రేపు మనం స్టేట్ నుంచి పాస్‌వర్డు తీసేసినా పాత వెర్షన్లలో అది అట్నే కూర్చొని ఉంటది. ఓపెన్‌టోఫు, అంటే టెర్రాఫార్మ్ నుంచి చీలిన టూలు, వాడే వాళ్ళకి 1.7 నుంచి, అంటే 2024 ఏప్రిల్ నుంచి, స్టేట్‌నీ ప్లాన్‌నీ టూలే ఎన్‌క్రిప్ట్ చేసే వీలుంది. ఇప్పుడు టూలు కూడా మార్చే ఓపిక మాకు లేదు.

టెర్రాఫార్మ్‌లో కూడా దారులు వచ్చినాయి. 1.10లో ఎఫిమెరల్ విలువలు, 2024 నవంబరు. 1.11లో రైట్ ఓన్లీ ఆర్గ్యుమెంట్లు, 2025 ఫిబ్రవరి. ఎఫిమెరల్ అని రాసిన వేరియబుల్ ఆ రన్ అయ్యేంతవరకే ఉంటది, ప్లాన్ ఫైల్‌లోకీ పోదు స్టేట్‌లోకీ పోదు, దాన్ని డబ్ల్యూఓ అని చివర ఉన్న ఆర్గ్యుమెంట్‌కి ఇయ్యాల. ఎస్ఎంఎస్ కీ మీద ట్రై చేసినాం, పారామీటర్ స్టోర్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్‌లో సెట్టింగులు దాచే చోట, వాల్యూ డబ్ల్యూఓ పెట్టి. పనిచేసింది, స్టేట్‌లో గ్రెప్ చేస్తే ఖాళీ. ఒక మెలిక ఉంది, విలువ స్టేట్‌లో లేదు కాబట్టి మారిందా లేదా అని టెర్రాఫార్మ్‌కి పోల్చుకునే వీల్లేదు, మనమే పక్కన వెర్షన్ నంబరు ఒకటి పెంచాల, పెంచకపోతే కొత్త కీ ఇచ్చినా కదలదు.

ఇదంతా చూసి తమ్ముడు ఒక మాటన్నాడు. 'అన్నా, ఆ కీ వాడేది ఆడ సర్వర్‌లో ఉన్న ప్రోగ్రాం గదా, మధ్యలో టెర్రాఫార్మ్ చేతికి ఎందుకియ్యాల అసలు?'

ఎందుకియ్యాల? ఇయ్యక్కర్లా. ఇన్నాళ్ళూ ఇచ్చింది అలవాటుకి. టెర్రాఫార్మ్‌కి తెలియాల్సింది ఆ పారామీటర్ పేరు ఏంది, దాన్ని చదివే హక్కు ఏ రోల్‌కి ఇయ్యాల అన్నంతవరకే. లోపల ఉన్న విలువతో దానికి పని లేదు. సాయంత్రం ఏడు దాకా కూర్చొని డిజైన్ మొత్తం ఆ ఒక్క మాట మీదే తిరగరాసినాం.

శనివారం

కొత్త లెక్క ఇట్టా ఉంది.

డేటాబేస్ మాస్టర్ పాస్‌వర్డుకి ఆర్‌డీఎస్, అంటే ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్ సర్వీసు, అందులోనే మేనేజ్ మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్ అని ఒక స్విచ్ ఉంది, అది ట్రూ చేస్తే ఏడబ్ల్యూఎస్సే పాస్‌వర్డు పుట్టించి సీక్రెట్స్ మేనేజర్‌లో పెట్టుకుంటది, వారానికోసారి అదే మార్చుకుంటది. స్టేట్‌లో దాని చిరునామా మాత్రమే ఉంటది. నెలకి 0.40 డాలర్లు, అది లెక్కలోకి రాదు. వారానికోసారి మారితే మా యాప్ గతేంది అని అన్న అడిగినాడు, అడగాల్సిందే, గానీ యాప్ మాస్టర్ యూజర్‌తో లాగిన్ అవ్వడమే తప్పు, అది పాత వాళ్ళు చేసిపోయిన పని. యాప్‌కి వేరే యూజర్‌ని చేసినాం, టేబుళ్ళు చదవను రాయను తప్ప ఏం చెయ్యలేని యూజర్. మాస్టర్ ఎన్నిసార్లు మారినా దానికి సంబంధం లేదు.

యాప్ యూజర్ పాస్‌వర్డు, ఎస్ఎంఎస్ కీ, బ్రోకర్ పాస్‌వర్డు ఈ మూడూ పారామీటర్ స్టోర్‌లో సెక్యూర్ స్ట్రింగ్. స్టాండర్డ్ రకం అయితే డబ్బులు పడవు, ఒక్కోటి 4 కేబీ లోపు ఉండాల, మనకి చాలు. సర్వర్ లేచినప్పుడు తన ఇన్‌స్టెన్స్ రోల్‌తో పోయి తెచ్చుకుంటది. యూజర్ డేటాలో ఇప్పుడు సీక్రెట్లు లేవు, పేర్లే ఉన్నాయి. టెర్రాఫార్మ్ చేసేదల్లా ఆ పాత్ కింద ఉన్నవి చదువుకోవచ్చు అని రోల్‌కి పాలసీ రాయడం. ఈడ ఒక గుంట ఉంది, మేం పడలేదు గానీ రివ్యూలో కనపడింది. పాలసీ రాయడానికి ఆ పారామీటర్ ఏఆర్ఎన్, అంటే దాని పూర్తి చిరునామా, కావాలి గదా అని డేటా సోర్స్‌తో పారామీటర్‌ని తెచ్చుకుంటే ఏఆర్ఎన్‌తో పాటు విలువ కూడా విప్పుకొని వచ్చి స్టేట్‌లో కూర్చుంటది. చేసిన పనంతా నీళ్ళపాలు. ఏఆర్ఎన్‌ని పేరుతో మనమే స్ట్రింగ్‌గా కట్టుకోవాల.

మరి ఆ విలువల్ని పారామీటర్ స్టోర్‌లో పెట్టేదెవరు, ఒరిజినల్ యాడ ఉంటది? సాప్స్, ఏజ్. మొదటిది ఫైల్‌లో విలువల్ని ఎన్‌క్రిప్ట్ చేసే టూలు, రెండోది దానికి తాళం చెవులు ఇచ్చే టూలు. రిపోలో ఒక యామిల్ ఫైలు, అందులో పేర్లు మామూలుగా కనపడతాయి, విలువలు మాత్రం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కాబట్టి పుల్ రిక్వెస్ట్‌లో ఎస్ఎంఎస్ కీ మారింది అని తెలుస్తది, ఏమని మారిందో తెలీదు. మా ముగ్గురికీ తలా ఒక ఏజ్ కీ, ఎవరి కీతో అయినా విప్పుకోవచ్చు. విప్పి పారామీటర్ స్టోర్‌లోకి తోసే స్క్రిప్టు చిన్నది, లాప్‌టాప్ నుంచి మనిషి నడుపుతాడు, సీఐ నడపదు. అంటే సీఐ దగ్గర ఇప్పుడు ఒక్క సీక్రెట్టు కూడా లేదు. గిట్‌హబ్ లాగుల్లో సీక్రెట్‌ని చుక్కలతో దాస్తది అని ధీమాగా ఉంటారు చాలామంది, అది మనం రిజిస్టర్ చేసిన స్ట్రింగ్ ఉన్నదున్నట్టు కనపడితేనే దాస్తది, బేస్64 అయిందంటే దాటిపోద్ది. దాచాల్సిందే లేకపోతే ఆ గొడవే ఉండదు.

టీం నుంచి ఒకరు పోతే? ఫైల్‌లో వాళ్ళ కీ తీసేసి అప్‌డేట్ కీస్ కొట్టడం సగం పనే, ఆ మనిషి చూసిన విలువలు ఆ మనిషికి తెలిసే ఉంటాయి, గిట్ పాత కమిట్లు ఆ కీతో ఇంకా విప్పుకుంటాయి. విలువలు కూడా మార్చాల్సిందే. రన్‌బుక్‌లో అదే రాసినా.

ఆదివారం, కాసేపే

యాన్సిబుల్. తమ్ముడు విండోస్ లాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్, అంటే విండోస్ లోపలే లినక్స్, పెట్టుకొని చేస్తాడు. యాన్సిబుల్ వాల్ట్, అంటే యాన్సిబుల్ సీక్రెట్లకి ఉన్న తాళం, దాని పాస్‌వర్డ్ ఫైల్ ఇచ్చి ప్లేబుక్ కొడితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని వచ్చి ఆగిపోతుంది, నా లినక్స్‌లో అదే ఫైల్‌తో బాగా నడుస్తది. ఫోన్‌లో స్క్రీన్ షేర్ పెట్టి చూస్తే వాడి రిపో సీ డ్రైవ్‌లో ఉంది, ఆ డ్రైవ్‌లో ఉన్న ఫైళ్ళన్నిటికీ డబ్ల్యూఎస్ఎల్ ఎగ్జిక్యూట్ పర్మిషన్ చూపిస్తది. వాల్ట్ పాస్‌వర్డ్ ఫైల్‌కి ఆ పర్మిషన్ ఉంటే యాన్సిబుల్ దాన్ని స్క్రిప్టు అనుకొని రన్ చేసి దాని ఔట్‌పుట్‌ని పాస్‌వర్డుగా తీసుకోవాలని చూస్తది. పాస్‌వర్డుని పట్టుకొని ప్రోగ్రాం అనుకొని నడపబోయింది. రిపోని లినక్స్ హోమ్ డైరెక్టరీలోకి మార్చుకున్నాడు, అయిపాయ.

ఎట్టాగూ చెయ్యి పెట్టినాం గదా అని యాన్సిబుల్ సీక్రెట్లు కూడా సాప్స్‌కే మార్చేసినాం, కమ్యూనిటీ సాప్స్ కలెక్షన్ ఉంది దానికి. రెండు రకాల తాళాలు ఎందుకు. సీక్రెట్ తగిలే టాస్కులకి నో లాగ్ ట్రూ, టెంప్లేట్ టాస్కులకి డిఫ్ ఫాల్స్ కూడా పెట్టినాం, ఎందుకంటే డిఫ్ మోడ్‌లో నడిపితే కాన్ఫిగ్ ఫైల్ పాత లైనూ కొత్త లైనూ రెండూ స్క్రీన్ మీద పరుస్తది, అందులోనే పాస్‌వర్డు.

బుధవారం, ఒంగోలు

తమ్ముడి ఊరికి వచ్చినాం, చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ వాళ్ళకి వేరే పని చూడాల్సి ఉండి. సాయంత్రం కర్నూలు రోడ్డులో వాళ్ళింట్లో కూర్చొని అసలు మిగిలిన ప్రశ్న మీద పడ్డాం. అన్నీ ఏజ్ కీలతో విప్పుకుంటాయి సరే, ముగ్గురి లాప్‌టాపులూ ఒకే ఆఫీసులో ఉంటాయి, నెల్లూరులో వరదొచ్చినా దొంగలు పడినా మూడూ ఒకేసారి పోతాయి. నాలుగో కీ ఒకటి పుట్టించి, దాన్ని ఏ కంప్యూటర్‌లోనూ ఉంచకుండా కాగితం మీద పెట్టాలని ముందే అనుకున్నాం.

ప్రింటర్‌కి పంపొద్దు అన్నా నేను, ఆఫీస్ ప్రింటర్లకి మెమరీ ఉంటది, చేత్తోనే రాద్దాం. ఏజ్ సీక్రెట్ కీ ఒకటే లైను, 74 అక్షరాలు, మొదట్లో ఏజ్ సీక్రెట్ కీ అని ఇంగ్లీషులో, తర్వాత ఒకటి అంకె, అక్కణ్ణించి 58 అక్షరాలు గజిబిజి. తమ్ముడు చదువుతుంటే నేను రాసినా, నాలుగేసి అక్షరాలకి ఒక గ్యాపు ఇచ్చి. వాడికి అనుమానం, ఇది ఓ అక్షరమా సున్నానా అని. ఈ రకం ఎన్‌కోడింగ్‌లో, బెక్32 అంటారు, ఆ 58లో ఓ అక్షరం రాదు, బీ రాదు, ఐ రాదు, ఒకటి అంకె రాదు, చేత్తో రాసేటప్పుడు తారుమారయ్యేవి ముందే తీసేసినారు. గుండ్రంగా కనపడితే అది సున్నానే. చివరి ఆరు అక్షరాలు చెక్‌సమ్, ఒక్క అక్షరం తప్పు కొట్టినా టూలు ఇది చెల్లదు అంటది. రాసినాక నెట్ తీసేసిన పాత లాప్‌టాప్‌లో ఆ కాగితం చూసి తిరిగి టైప్ చేసి సాప్స్ ఫైల్ విప్పి చూసినాం. విప్పుకుంది. ఇది చెయ్యకుండా కాగితం దాచడం దండగ.

కవర్లో పెట్టి అంటించి వాళ్ళ నాయన బీరువాలో నగల పక్కన పెట్టినాం. 'ఏంది అబ్బాయ్ అది, పొలం కాగితమా?' అన్నాడాయన. ఆఫీసు తాళం బాబాయ్ అన్నా. సరే అని లోపలి అరలో పెట్టి తాళం ఆయనే వేసినాడు.

సోమవారం, రొటేషన్

కన్నాలు మూసినాక ఇప్పుడు అన్నీ మార్చాల. ఎప్పుడు చెయ్యాల అన్నదాని మీద వాదన అయింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అయితే ఇట్టాంటి పనులు రాత్రి రెండింటికి పెట్టుకుంటారు, అప్పుడు వాడేవాళ్ళు ఉండరు కాబట్టి. మాకు రివర్స్. రాత్రి రెండు నుంచి తెల్లారే దాకా మా ప్రాణం. ఎండ బాగా కాసేటప్పుడు నీళ్ళలో ఉన్న ప్లాంక్టన్ ఆక్సిజన్ చేస్తా ఉంటది, డీఓ మంచి ఎత్తులో ఉంటది, సెన్సార్లు కాసేపు మూగబోయినా రొయ్యకి ఏం కాదు. కాబట్టి పదకొండు నుంచి మూడు లోపల. మబ్బు పట్టిన రోజైతే వాయిదా. అన్న పొద్దున్నే డాబా ఎక్కి ఆకాశం చూసి ఓకే అన్నాడు.

యాప్ యూజర్‌కి పాస్‌వర్డు మార్చకుండా రెండో యూజర్‌ని చేసినాం. కొత్త యూజర్‌తో యాప్ లేచి రీడింగులు రాస్తుంది అని చూసుకొని అప్పుడు పాత యూజర్‌కి లాగిన్ తీసేసినాం, ఒక్క రీడింగ్ కూడా పోలా. తర్వాతసారి మళ్ళీ మొదటి యూజర్ వైపు మారతాం, ఇట్టా అటూ ఇటూ. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో కాపీ పుట్టే చోటు ఉంది, లాగ్ స్టేట్‌మెంట్ డీడీఎల్ అని పెట్టుంటే యూజర్ పాస్‌వర్డు మార్చే ఎస్‌క్యూఎల్ లైను పాస్‌వర్డుతో సహా లాగ్‌లో పడుద్ది. మాది అట్నే ఉంది. ఆ సెషన్ వరకు దాన్ని నన్, అంటే ఏదీ రాయొద్దు, అని పెట్టి చేసినాం.

ఎస్ఎంఎస్ కీ దగ్గర చిక్కు. ఆ గేట్‌వే వాళ్ళ పోర్టల్‌లో ఒకసారికి ఒక్క కీ మాత్రమే ఉంటది, కొత్తది పుట్టించు అని నొక్కిన క్షణం పాతది చచ్చిపోద్ది, రెండూ కాసేపు పక్కపక్కన బతికే వీలు లేదు, ఏపీఐ కూడా లేదు. వాళ్ళ సపోర్టుకి ఫోన్ చేస్తే అది సెక్యూరిటీ కోసమే సార్ అన్నారు. సెక్యూరిటీ కోసం అయితే రెండు కీలు ఇచ్చి ఉండేవాళ్ళు, జనం నెలనెలా మార్చుకునే వాళ్ళు, ఇట్టా పెడితే భయానికి ఎవడూ మార్చడు. సరే, ఆ గ్యాప్‌లో అలర్ట్ వస్తే మెసేజ్ కాకుండా నేరుగా కాల్ పోయేటట్టు మార్చి, నొక్కినాం, సాప్స్‌లో పెట్టినాం, తోసినాం, సర్వీస్ రీస్టార్ట్ చేసినాం.

మధ్యాహ్నం పన్నెండింటికి రోజూ రైతులకి డీఓ, పీహెచ్ మెసేజ్ ఒకటి పోద్ది, అది ఆ గ్యాప్‌లో పడి పోలా. మైపాడు పెద్దాయన ఫోను. 'అబ్బయ్యా, పన్నెండు మెసేజ్ రాలేదేంది? గుంట కాడ మీ పెట్టె ఏమన్నా కాలిందా?' పెట్టె బాగుంది మామా, ఈడ తాళాలు మారుస్తుండాం, పది నిమిషాల్లో వస్తది అన్నా. 'ఎన్నుందో నోటితో చెప్పు, మెసేజ్ తర్వాత ఎయ్యి' అన్నాడు. 6.8 ఉంది మామా అని చెప్పినాక ఫోన్ పెట్టేసినాడు.

ఇప్పటికి ఉన్న పరిస్థితి

స్టేట్ పుల్ చేసి పాత విలువలూ కొత్త విలువలూ రెండిటికీ గ్రెప్ చేసినాం, లేవు. ప్లాన్ ఆర్టిఫాక్టులు అన్నీ తీసేసి, ఆర్టిఫాక్ట్‌గా పెట్టడమే ఆపినాం, ప్లాన్ టెక్స్ట్ మాత్రం పుల్ రిక్వెస్ట్‌లో కామెంట్‌గా పడతది. బకెట్‌లో స్టేట్ పాత వెర్షన్లు కొంతకాలానికి అవే పోయేటట్టు లైఫ్‌సైకిల్ రూల్ పెట్టినాం. గిట్ హిస్టరీని తిరగరాద్దామా అని అన్న అడిగినాడు, నేను వద్దన్నా, బ్రోకర్ పాస్‌వర్డు ఒక్కటి తప్ప అందులో ఉన్నవన్నీ చచ్చిన కీలు, హిస్టరీ మారిస్తే అందరి క్లోన్లూ విరిగిపోతాయి, పైగా బయట ఉన్న కాపీలని మనం ఏం చెయ్యలేం. దాని బదులు గిట్‌లీక్స్‌ని ప్రీ కమిట్‌లో పెట్టినాం, మళ్ళీ ఎవరన్నా పచ్చి కీ కమిట్ చెయ్యబోతే ఆడే ఆపుద్ది.

మిగిలింది బ్రోకర్ పాస్‌వర్డు, అదే అన్నిటికన్నా ముదురుది. పారామీటర్ స్టోర్‌లోకి మార్చినాం గానీ విలువ పాతదే, ఎందుకంటే గుంటల కాడ ఉన్న పెట్టెలన్నిట్లోనూ ఒకటే యూజర్ నేమ్, ఒకటే పాస్‌వర్డు, ఫర్మ్‌వేర్‌లో కాల్చి పెట్టినారు. సర్వర్‌లో మారిస్తే ఆ క్షణం అన్ని గుంటలూ మూగబోతాయి, గాల్లో అప్‌డేట్ చేసే ఏర్పాటు ఆ పెట్టెల్లో లేదు, ఒక్కోటి విప్పి కేబుల్ పెట్టి చెయ్యాల్సిందే. ఒక పెట్టె ఎవడన్నా ఎత్తుకుపోయి విప్పితే మొత్తం అన్ని గుంటల రీడింగులూ వాడి చేతిలో ఉన్నట్టే, కాబట్టి ఈసారి పెట్టెకో యూజరు, పెట్టెకో పాస్‌వర్డు, ఒక పెట్టె తన గుంట టాపిక్‌లో తప్ప రాయలేకుండా బ్రోకర్‌లో ఏసీఎల్, అంటే హక్కుల లిస్టు. అప్పటిదాకా కొత్త యూజర్లూ పాత యూజరూ రెండూ బ్రోకర్‌లో పక్కపక్కన బతుకుతాయి. పంట మీద ఉన్న గుంటలో పెట్టె విప్పనివ్వరు రైతులు, ఇయ్యకూడదు కూడా, అందుకని పట్టుబడి అయి గుంట ఎండబెట్టే టైముకి ఎవరి గుంట ఖాళీ అయితే ఆడికి పోతాం. అల్లూరు వైపు ముందు పడతారంట, సీరియల్ కేబుళ్ళు రెండు ఎక్స్‌ట్రా ఆర్డర్ పెట్టమని తమ్ముడికి చెప్పినా.